పోగు తెగినచోట మగ్గము ఆగవలెను

మన నేత కుటుంబముల యువతీ యువకులు ఈనాడు చదువులు ముగించి, ఉద్యోగములకై ఎదురుచూడక, సొంతముగా బట్టల వ్యాపారము ప్రారంభించుచున్నారు. షోలాపూరు దుప్పట్లను, బరంపురము పట్టుచీరెలను సెల్‌ఫోను ద్వారా దూరప్రాంతములకు అమ్మువారు మనలో ఉన్నారు. ఇట్టి కొత్త సంస్థలనే స్టార్టప్‌లు అనుచున్నారు. వీనిని ప్రోత్సహించుటకు కేంద్ర ప్రభుత్వము 2016 జనవరి 16న ఒక పథకమును ప్రారంభించినది. మన బిడ్డల ఈ పూనికకు మేము మనసార సంతోషించుచున్నాము.

అయితే ఒక్క విషయమున మాకు భేదాభిప్రాయము కలదు. పెరుగుట యనగా పరుల సొమ్ము తెచ్చి, మగ్గముల సంఖ్య పెంచి, సరకు గుట్టలు వేయుట అని కొందరు తలంచుచున్నారు. అమ్ముడుపోని సరకు ఇంటనుంచుకొని అప్పుకు వడ్డీ కట్టుట ఎట్టిదో మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు. నూలు సావుకారిది, కష్టము మనది, ధర ఆయన చెప్పినది. సావుకారు పేరు మారి పెట్టుబడిదారుడు అయినంత మాత్రమున మన స్థితి మారదు.

ఇందుకు మన వృత్తిలోనే ఒక ఉదాహరణము కలదు. టొయోటా కార్లను ఎరుగనివారు అరుదు. ఆ సంస్థకు మూలము మగ్గమని ఎరిగినవారు తక్కువ. జపానులో ఒక వడ్రంగి కుమారుడైన సకిచి టొయోడా, నేతపనిలోని శ్రమను తగ్గింపదలచి, కర్రమగ్గమును బాగుచేసి 1891లో పేటెంటు పొందెను. పిమ్మట పేక పోగు తెగినంతనే తనంతట తానే ఆగు మరమగ్గమును చేసెను. అందువలన తెగిన పోగుతో చెడునేత సాగదు. ఒక్క మనిషియే పలు మగ్గములు చూచుకొనగలడు.

ఆయనకును ఎదురుదెబ్బ తగిలినది. ఇతరుల పెట్టుబడితో 1907లో ఏర్పడిన మగ్గముల కంపెనీలో వ్యాపారము మందగింపగా, ఆయన ప్రయోగములే అందుకు కారణమని నిందించిరి. 1910లో ఆయన తప్పుకొనవలసి వచ్చెను. అంతట నగోయాలో సొంత నేతశాల పెట్టి, ఆ ఆదాయముతోనే ప్రయోగములు సాగించెను. 1924లో, మగ్గము ఆగకుండగనే నాడె మార్చు యంత్రము సిద్ధమయ్యెను. దాని హక్కులకై ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీ 1929లో లక్ష పౌండ్లకు ఒప్పందము చేసికొనెను. ఆయన కుమారుడు కిఇచిరో, ఆ మగ్గముల కర్మాగారములోనే 1933లో మోటారు శాఖను తెరచెను. 1937లో అది వేరు కంపెనీ అయ్యెను.

మనము కార్లు చేయనక్కరలేదు. ఇందు గ్రహింపవలసినవి రెండు.

మొదటిది, ఆగుట నేర్చుకొనుట. కొత్త డిజైను తోచినప్పుడు పది పడుగులు ఒక్కసారి వేయరాదు. ఒకే పడుగుపై పేక రంగు మార్చి నాలుగు తీరుల చీరెలు నేయవచ్చును గదా! ఏది అమ్ముడైనది, ఏది తిరిగి వచ్చినది, ఎందుకు వచ్చినది అని చూచి రెండవ పడుగు వేయవలెను. చిన్న మగ్గమునకు గల ఈ వెసులుబాటు పెద్ద మిల్లుకు అంత తేలికగా లభింపదు.

రెండవది, మన సొమ్ము మన చేతికి సకాలమున వచ్చుట. 2006 నాటి చట్టము ప్రకారము, ఉద్యమ్ నమోదు గల చిన్న ఉత్పత్తిదారునికి సరకు కొన్నవాడు, వ్రాతపూర్వకమైన ఒడంబడిక ఉన్నను, 45 దినములకు మించి బాకీ నిలుపరాదు. మించినచో రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇయ్యవలెను. మరియు పదిమంది చేనేతవారు కలిసినచో, 2002 నాటి సవరణతో వచ్చిన ఉత్పత్తిదారుల కంపెనీని పెట్టుకొనవచ్చును. అందు వ్యక్తులే సభ్యులైనచో ఎవరి వాటా ఎంతయైనను మనిషికి ఒక్క ఓటే. పెట్టుబడి ఎక్కువ పెట్టినవాడు తక్కినవారిని వెలివేయు భయము ఉండదు.

కావున ప్రతి ఊరి సంఘమును ఈ నమోదు పనులలో మన బిడ్డలకు తోడ్పడవలెనని కోరుచున్నాము. పెద్దలకు మరియొక మనవి. నష్టమును కనిపెట్టి పని ఆపిన యువకుని ఓడిపోయినాడని ఎగతాళి చేయవలదు. పోగు అతికి మరల నాడె ఆడించుటకు అతనికి కొంత వ్యవధి ఇయ్యుడు.