రిమోట్ అలిగితే..!

సినిమాలో కారు తలుపు రాకపోతే హీరో మోచేత్తో అద్దం పగలగొడతాడు. మొన్న ఎనుమాముల మార్కెట్ దగ్గర నాకూ ఆ ముచ్చట పుట్టింది గానీ, అద్దం ఖరీదు గుర్తొచ్చి ఆగాను.

మామ మిర్చి అమ్మి తక్‌పట్టీతో వచ్చాడు. మండే ఎండ. ఆయనకు షుగరు. అన్నం డబ్బా కారులో! రిమోట్ ఎంత నొక్కినా కారు ఉలకదు, పలకదు.

"అల్లుడూ, తలుపుకు చెవి పెట్టే సందున్నది గదా! చెవేది?" అన్నాడు మామ.

నిజమే! రిమోట్ పక్కనున్న చిన్న మీట జరిపితే లోపల్నుంచి తాళంచెవి బయటికొచ్చింది. తలుపు తీస్తే కారు కుయ్యోమని గోల! రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కాను. ఇంజను పలికింది, గోల ఆగింది. రిమోట్ లోపలి చిప్‌కు సెల్‌తో పనిలేదు. కారే దానికి కరెంటిస్తుంది.

ఇంతకీ విలన్ ఎవరు? నాణెమంత సెల్! నా రిమోట్‌లో సి.ఆర్.2032, 3 వోల్టులది. మీ సెల్ మీది నంబరు చూసి అదే కొనండి. కొత్తది వేసినా పలక్కపోతే రెండో రిమోట్ నొక్కండి. అది పనిచేస్తే తప్పు మొదటిదానిది. రెండూ మూగబోతే కారు బ్యాటరీని అనుమానించండి.

ఫస్ట్ షోలో టైటిల్స్ పోయాయి. పోతే పోనీ, మామ వేళకు తిన్నాడు!