బుల్డోజరు

మనుష్యులకువలెనే మాటలకును పూర్వచరిత్ర యుండును. దానిని దాచుకొని గౌరవముగ సంచరించు మనుష్యులు కొందఱున్నట్లే మాటలును కొన్ని యున్నవి. ‘బుల్డోజరు’ అట్టిది. అది మట్టిని నెట్టు యంత్రమని నేడు పల్లెలోని పిల్లవాడును చెప్పగలడు. కాని యింగ్లీషున ఈ మాట మొదట యంత్రమునకు పేరు కాదు; మనుష్యులను భయపెట్టి లొంగదీయు దుష్కృత్యమునకు పేరు.

1876లో అమెరికాయందు అధ్యక్షుని యెన్నిక జరిగెను. అంతకు ఆఱేండ్లముందు, 1870లో, రాజ్యాంగముయొక్క పదునైదవ సవరణచే నల్లజాతి పురుషులకు వోటుహక్కు లభించియుండెను. లూసియానా రాష్ట్రమున, ముఖ్యముగ ఈస్ట్ ఫెలిషియానా మున్నగు పరగణాలలో, తెల్లవారి ముఠాలు రాత్రివేళ వచ్చి ఆ వోటర్లను ఇండ్లనుండి యీడ్చి కొరడాలతో కొట్టుచుండెను. లొంగనివారిని చంపుటకును వెనుదీయలేదు. ఈ పనికే ‘బుల్డోజు’ అని పేరు వచ్చెను. ఎద్దునకు సరిపడు మోతాదు దెబ్బలని దీనికి అర్థము చెప్పుదురు. పిదప అది బెదిరించువానికిని, వాని చేతిలోని పెద్ద పిస్తోలునకును గూడ పేరైనది.

ఆ బెదిరింపు ఫలించెను. 1877లో కేంద్రప్రభుత్వ సైన్యము నల్లవారి రక్షణనుండి తప్పుకొనెను. 1898లో లూసియానా తెల్లవారు క్రొత్త రాజ్యాంగమును వ్రాసికొని, వోటునకు చదువును, ఆస్తియు నను అడ్డంకులు కల్పించి, 1867కు ముందు వోటు కలిగియున్నవారికిని, వారి కొడుకులకును, మనుమలకును మినహాయింపు నిచ్చుకొనిరి. 1896లో 1,30,000లకు పైబడియున్న నల్లజాతి వోటర్లు 1900 నాటికి సుమారు 5,000లకు దిగిపోయిరి. ముందు కొరడా వచ్చినది. వెనుక శాసనము వచ్చి కొరడా చేసిన పనిని స్థిరపఱచినది. 1965లో వోటుహక్కుల చట్టము వచ్చువఱకు ఆ యన్యాయమునకు గట్టి ప్రతిక్రియ లేకపోయెను.

యంత్రము తరువాతిది. ఇనుమును బలవంతముగ వంచు యంత్రమునకు ముందీ పేరు పెట్టిరి. 1920 తరువాత ట్రాక్టరు ముందు ఇనుపపలక బిగించి మట్టిని నెట్టు సాధనమునకు అదియే స్థిరపడినది. అడ్డువచ్చినదానిని అడుగక త్రోసివేయుటయే వీని యన్నిటికిని సామాన్యధర్మము. చట్టసభలో చర్చకు తావీయక సంఖ్యాబలముచే బిల్లును నెగ్గించుకొనుటను గూడ ఇంగ్లీషువారు ‘బుల్డోజు’ చేయుట యనియే యందురు.

మనము యంత్రమును తెచ్చుకొంటిమి, దాని పేరును తెచ్చుకొంటిమి. పాతయర్థము కూడ వెంట వచ్చినదని మాత్రము గ్రహింపకపోతిమి. 1976 ఏప్రిలులో, అత్యవసర పరిస్థితి కాలమున, ఢిల్లీ తుర్కమాన్ గేటువద్ద బుల్డోజర్లు ఇండ్లను కూల్చినవి. ఎదిరించిన జనముపై పోలీసులు కాల్పులు జరిపిరి. ఇటీవలి సంవత్సరములలో పలు రాష్ట్రములందు, నేరారోపణకు గుఱియైనవాని యింటిని విచారణకు ముందే కూల్చుట యాచారమైనది. నాయకులకది బిరుదమైనది, ఎన్నికల సభలలో ఆ యంత్రమే యలంకారమైనది.

ఆక్రమణలను తొలగింపవలదా యని కొందఱు మమ్ము ప్రశ్నింతురు. తొలగింపవలసినదే. చెరువులును బాటలును ప్రజలందఱి సొత్తు. కాని దానికి నోటీసు కలదు, విచారణ కలదు, అప్పీలు కలదు. ఏండ్లతరబడి కనబడని యాక్రమణ, ఇంటివానిపై కేసు పెట్టిన మఱునాడే అధికారుల కంటబడుట యెట్లని మా ప్రశ్న. నేరము చేసినవాడు కొడుకే యగుగాక. ఆ యింట నున్న ముసలితల్లి చేసిన పాపమేమి? బడికిపోవు బిడ్డ చేసిన తప్పేమి? ఇట్టి కూల్చివేత నేరస్థుని శిక్షించుటకు గాక, చూచుచున్న వీధినెల్ల జంకించుటకే పనికివచ్చును. 1876 నాటి యర్థము సరిగా ఇదియే.

2024 నవంబరు 13వ తేదీన న్యాయమూర్తులు గవాయి, విశ్వనాథన్ గార్లు సుప్రీంకోర్టులో తీర్పు చెప్పుచు, ప్రభుత్వాధికారి తానే న్యాయాధిపతి కారాదనియు, ఆరోపణ మాత్రముచే ఇల్లు కూల్చరాదనియు శాసించిరి. పదునైదుదినముల నోటీసు, ఇంటివాని వాదము వినుట, కూల్చివేతను చిత్రీకరించుట విధులైనవి. ఆజ్ఞ మీఱిన యధికారి తన సొంతధనముతో నష్టము పూడ్చవలెను. బాటలు, కాలిబాటలు, రైలుమార్గములు, జలాశయములు మున్నగు బహిరంగస్థలముల యాక్రమణలకు మాత్రము ఈ నియమములు వర్తింపవు.

తీర్పు మంచిదే. కాని పొరుగువాని గోడ కూలినప్పుడు చప్పట్లు కొట్టు జనమున్నంతకాలము ఏ తీర్పును నిలువదు. లూసియానాలో కొరడా పట్టినవారు కొందఱే. చూచి యూరకున్నవారు పెక్కురు. మన సోదరులు ఆ పెక్కురలో చేరకుందురుగాక యని మా ప్రార్థన. పొరుగువాని ద్వారమువద్ద నా యంత్రము నిలిచినప్పుడు, నోటీసు ఏది యని అడుగుట మన విధి.