మీసం మొలిచే వయసు పిల్లవాడికి క్రిస్మస్ బహుమానం



ఇళ్ల మీద స్టార్లు వెలిగాయి, సెమీ క్రిస్మస్‌లు మొదలయ్యాయి. ఈ రోజుల్లో కూడిక ముగిశాక తల్లులు నన్ను పక్కకు పిలిచి ఒకే మాట అడుగుతున్నారు. "అయ్యగారూ, మావాడు తొమ్మిదో తరగతి. పండక్కి ఫోను కొనియ్యకపోతే చర్చికి రానంటున్నాడు. ఏం చెయ్యమంటరు?"

నా జవాబు సూటిగా చెబుతాను. అప్పు చేసి ఫోను కొనకండి. అలాగని "మన దగ్గర డబ్బులేవి" అని వట్టి చేతులూ చూపకండి. ఆ వయసు పిల్లవాడికి ఏదో ఒకటి తప్పకుండా ఇవ్వాలి.

మన సంఘాలను ఒకసారి గమనించండి. సండేస్కూలు పిల్లలకు పెన్సిల్ డబ్బాలు పంచుతాం. విధవరాండ్రకు చీరలు, వృద్ధులకు దుప్పట్లు ఇస్తాం. పదమూడు దాటి పద్దెనిమిది నిండని మగపిల్లవాడికి మనం ఇచ్చేది కుర్చీలు మోసే పని, ఆపైన "మైకు ముట్టుకోకు" అనే గదమాయింపు. వాడు చిన్నపిల్లల వరుసలో నిలబడలేడు, పెద్దల వరుసలో వాణ్ణి ఎవరూ పిలవరు. యవ్వనస్థులు చర్చికి రావడం మానేశారని కమిటీలో బాధపడతాం గాని, వాళ్లు దూరం కావడం ఈ వయసులోనే మొదలవుతుంది.

ఫోను సంగతి లెక్క వేసి చూద్దాం. రోజు కూలీ 500 అనుకుంటే, 12,000 రూపాయల ఫోను అంటే 24 రోజుల కూలీ. వాయిదాల మీద తీసుకుంటే ఆ పైన వడ్డీ. పత్తి ఏరి వేళ్లు చీరుకుపోయిన తల్లి సంక్రాంతి దాటినా, ఉగాది వచ్చినా ఆ కిస్తీ కడుతూనే ఉంటుంది. కిస్తీవాడు ఫోను చేసిన ప్రతిసారీ ఇంట్లో గొడవ. ఆ గొడవ తనవల్లేనని పిల్లవాడికి తెలుస్తుంది. కొందరు పిల్లలు ఆ భారం మోయలేక చదువు పక్కనపెట్టి పనికి పోతామంటారు. ఇంకొక మాట. అన్నకు 12,000 ఫోను, చెల్లెలికి 200 రూపాయల గాజులు అయితే ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? ఆదికాండము 37లో యోసేపుకు పదిహేడేళ్లు. తండ్రి ఒక్కడికే విచిత్రమైన నిలువుటంగీ కుట్టించాడు. ఆ తర్వాత అన్నలు ఏం చేశారో మీకు చెప్పనక్కరలేదు.

అదే బైబిలులో ఇంకొక అంగీ ఉంది. 1 సమూయేలు 2:19 తెరిచి చూడండి. హన్నా ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి, బలి అర్పించడానికి భర్తతో కలిసి వెళ్లినప్పుడు సమూయేలుకు ఇచ్చేది. కొడుకేమో షిలోహులో ఏలీ దగ్గర ఉన్నాడు. ఏడాది గడిచేసరికి ఎంత ఎదిగాడో, భుజాలు ఎంత వెడల్పయ్యాయో ఆమె ముందే తలపోసి కుట్టాలి. పోయినేటి కొలత ఈ ఏడు పనికిరాదు. మన ఇళ్లలో పిల్లవాడు కళ్లెదుటే ఉంటాడు, అయినా మనకు వాడి కొలత తెలియదు. "వచ్చే ఏడాదికి కూడా వస్తుంది" అని రెండు సైజులు పెద్ద చొక్కా తెస్తాం. దాన్ని వేసుకొని స్నేహితుల ముందుకు రావడానికి వాడికి ఎంత సిగ్గో మనకు పట్టదు. బట్టలే కొనాలనుకుంటే 700 రూపాయలు వాడి చేతిలో పెట్టి, వెంట మీరూ సంతకు వెళ్లి, వాణ్ణే ఏరుకోనివ్వండి. రంగు మీకు నచ్చకపోయినా ఏమీ అనకండి.

ఇంట్లో మూలన పడిన పాత సైకిలు ఉందా? కొత్త ట్యూబు, చైను, బ్రేకు రబ్బర్లు, ఒక గంట వేయించండి. మెకానిక్ దగ్గర పిల్లవాణ్ణి కూర్చోబెడితే వచ్చేసారి పంచరు వాడే వేసుకుంటాడు. కనిపించిన వస్తువునల్లా విప్పి చూసే పిల్లవాడైతే స్క్రూడ్రైవర్ల సెట్టు, కటింగ్ ప్లేయర్ కొనివ్వండి. ఇంటి కరెంటు జోలికి మాత్రం పోవద్దని గట్టిగా చెప్పండి. పాటలంటే ఇష్టమైతే కంజీర ఇవ్వండి, ఆదివారం నేను వాణ్ణి ముందు వరుసలో కూర్చోబెడతాను. ఆటల పిల్లవాడికి ఒక్కడికే కొనడం దేనికి? వాడలో పది ఇళ్లవాళ్లు తలా కొంత వేసుకుంటే వాలీబాలు, నెట్టు వస్తాయి. సాయంత్రం ఎవడు ఎక్కడున్నాడో వెతికే పని తల్లులకు తప్పుతుంది.

తండ్రులకు ఒక ప్రత్యేకమైన మాట. మీ కొడుకుకు మీసం మొలుస్తోంది. ఎవరికీ చెప్పుకోలేక వాడు అద్దం ముందు తంటాలు పడుతుంటాడు. ఐదారు వందలకు ట్రిమ్మర్ దొరుకుతుంది. అది ఎలా వాడాలో పక్కన నిలబడి చూపించండి. మన ఊళ్లలో తండ్రీకొడుకులు ఎరువు గురించి, మోటారు గురించి తప్ప మాట్లాడుకోరు. దీంతోనైనా మొదలుపెట్టండి.

బైబిలు ఇవ్వమని చెప్పలేదేమిటి అని కొందరు అనుకుంటారు. ఇవ్వండి. అయితే వాడికి కావలసింది కొనలేక దానికి బదులుగా బైబిలు పెట్టకండి. వేరే చిన్న బహుమానంతో పాటు ఇవ్వండి. మొదటి పేజీలో వాడి పేరు, తేదీ, మీరు దీవించే రెండు మాటలు మీ చేతితో రాయండి. రాయడం రాకపోతే మీరు చెబుతుంటే వాడితోనే రాయించి, కింద మీ వేలిముద్ర వేయండి. నలభై ఏళ్ల తర్వాత కూడా వాడు ఆ పేజీ తెరుస్తాడు.

తక్కువ ఖర్చు బహుమానమని మీరు సిగ్గుపడనక్కరలేదు. బిడ్డను దేవాలయానికి తెచ్చినప్పుడు మరియ, యోసేపుల అర్పణ ఒక జత పక్షులు. లేవీయకాండము 12లో గొఱ్ఱెపిల్లను తేలేనివారికి ఇచ్చిన వెసులుబాటు అది. యేసుప్రభువు పెరిగింది అలాంటి ఇంట్లోనే.

నాకు అన్నిటికంటే నచ్చిన బహుమానం ఒకటి చెబుతాను. తండ్రి, కొడుకు ఇద్దరే ఒక రోజంతా కలిసి బస్సులో మెదక్ వెళ్లి రావడం. చార్జీలు, రెండు టీలు, అంతే ఖర్చు. అక్కడి పెద్ద చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో జనానికి పని కల్పించి కడుపు నింపడానికి చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర ఆ కట్టడం చేపట్టాడు. రాళ్లు మోసినవాళ్లు మనలాంటి పల్లెల కూలీలే. ఆ మాట పిల్లవాడికి అక్కడే నిలబడి చెప్పండి. లోపల రంగుటద్దాల కిటికీల్లో ప్రభువు జననం, సిలువ, ఆరోహణం ఉంటాయి. బయట ఎండ ఉంటేనే ఆ బొమ్మలు వెలుగుతాయి కాబట్టి పొద్దుండగానే చేరుకోండి. పండుగ రోజు జనం తొక్కిసలాటగా ఉంటారు, ఆ రోజు వద్దు. జనవరి మొదటి వారంలో పనులు చూసుకొని వెళ్లండి. ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ మారాలో తెలియనివాళ్లు ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను కలవండి, కాగితం మీద రాసిస్తాను. పులిహోర కట్టుకొని వెళితే హోటలు ఖర్చు కూడా ఉండదు.