జాషువ తేటగీతిలో సాంగరూపకం

రూపక నిర్వాహాన్ని పాదసంఖ్యతో కొలవరాదు. పాశ్చాత్య సానెట్టుకు పదునాలుగు పాదాల అవకాశమున్నది; తేటగీతికి నాలుగే. నాటి కృష్ణా జిల్లా వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువ (1895–1971) ‘గబ్బిలం’ (1941)లో ఆ ఇరుకులోనే సాంగరూపకాన్ని నిర్వహించినాడు. హైందవ సమాజం నాలుగు పడగల సర్పం. పడగలకు ఉపమేయాలైన వర్ణాలు శబ్దోక్తాలు కావు, అర్థగమ్యాలు. కనుక ఇది ఏకదేశవివర్తి. అస్పృశ్యుని గాలి సోకినంతనే ఆ సర్పం బుసకొట్టుతుంది. సర్పం పవనాశనమని ప్రసిద్ధి. గాలియే ఆహారమైన దానికి ఈ ఒక్కని గాలి గిట్టదు! విజాతీయమైన మరొక ఉపమానం చేరినచో ఈ వైపరీత్యం మరుగుపడేది. మాలారూపకం స్వతః దోషం కాదు. కాని ఇచ్చట ఏకోపమాన నిష్ఠయే ఔచిత్యం. అలంకార నామనిర్దేశంతో ఆగిపోయే బోధన విద్యార్థికి ఆ బుసను వినిపించజాలదు.