కటకం మీద బూజు

పిల్లలూ! ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే అమ్మ ఊరుకోదు. చెమ్మ తగిలితే బూజు పడుతుందని ఆమెకు తెలుసు. మరి, తినడానికి ఏమీ లేని గాజుకు కూడా బూజు పడుతుందంటే మీరు నమ్ముతారా? కెమెరాలోని కటకానికి, అంటే లెన్సుకు, అది తప్పకుండా పడుతుంది.

తూర్పు కనుమల నడుమ ఉన్న అడ్డతీగల సంగతే తీసుకోండి. చుట్టూ కొండలు, అడవి, వాగులు. వానలు మొదలైతే అప్పడాలు మెత్తబడతాయి, పెట్టెలోని బట్టలు ముక్కిన వాసన వేస్తాయి, తోలు చెప్పుల మీద తెల్లని నూగు లేస్తుంది. బీరువాలోని కెమెరాలో కూడా అదే పని జరుగుతుంది. కాని అది లోపల జరుగుతుంది గనుక ఎవరికీ కనపడదు.

బూజు ఒక జీవి. దాని బీజాలు కంటికి కనిపించనంత చిన్నవి, గాలిలో అంతటా ఉంటాయి. వాటిని రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. అయితే అవి మొలకెత్తాలంటే చెమ్మ కావాలి. గాలి తాను పట్టగల ఆవిరిలో నూటికి 65, 70 పాళ్ళను మించి పట్టుకుని, కొన్నాళ్ళు అలాగే ఉంటే, బీజాలు మొలుస్తాయి. చీకటి, కదలని గాలి ఉంటే వాటికి మరీ అనుకూలం. తిండి ఎక్కడిదంటారా? గాజు మీది దుమ్ము, మన వేలిముద్రలోని జిడ్డు చాలు. సాలెగూటి వంటి సన్నని పోగులు సాగుతాయి. ఆ పోగుల నుంచి వచ్చే ఆమ్లాలు ముందు కటకం మీది పూతను, తరవాత గాజును కూడా కొరికివేస్తాయి. అప్పుడు పోగులను తుడిచినా మచ్చ పోదు.

చూశారా చిక్కు! తోలు సంచీలో పెట్టి, గుడ్డ చుట్టి, బీరువా అడుగున భద్రంగా దాచిన కెమెరాకే బూజు భయం ఎక్కువ. తోలూ గుడ్డా చెమ్మను పీల్చి తమలో ఉంచుకుంటాయి. పైగా తోలు బూజుకు తిండి కూడాను. ఇప్పుడు అందరి చేతిలోనూ సెల్‌ఫోను ఉన్నది గనుక, పాత కెమెరాను ఏళ్ళ తరబడి ఎవరూ బయటికి తీయరు. బూజుకు కావలసింది అదే.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో న్యూగినీ అడవులలో ఈ బూజు సైన్యాలను కూడా తిప్పలు పెట్టింది. సైనికుల దుర్భిణులు మసకబారి పనికిరాకుండా పోయేవి. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు పరిశోధన చేసి, పాదరసం కలిసిన ఒక మందుతో బూజును అరికట్టారు. మనకు అటువంటి విషం అక్కరలేదు. చెమ్మను తీసివేస్తే చాలు.

కొండలలో చెమ్మకు ఇంకొక కారణం కూడా ఉన్నది. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని పట్టగలదు. 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములే పట్టగలదు. మధ్యాహ్నం గాలిలో 17 గ్రాముల ఆవిరి ఉన్నదనుకోండి. అప్పుడు చెమ్మ నూటికి 57 పాళ్ళే. తెల్లవారుజామున చల్లబడేసరికి అదే గాలిలో చెమ్మ నూటికి నూరు పాళ్ళు! కొత్తగా ఒక్క చుక్క నీరు కూడా చేరలేదు.

ఈ చెమ్మను కొలవడానికి హైగ్రోమీటరు ఉన్నది. అది లేకపోతే వంటింటి ఉప్పు ఉన్నది. శుద్ధమైన ఉప్పు 75 పాళ్ళ దగ్గర నీరు కారుతుంది. కల్లుప్పులో వేరే లవణాలు కూడా ఉంటాయి గనుక ఇంకా ముందే చెమరుస్తుంది. అదీ మంచిదే, ముందుగా హెచ్చరిస్తుంది.

ఇక చేయవలసిన పని వినండి. కెమెరాను తోలు సంచీ నుంచి తీసి, మెత్తని పొడిగుడ్డతో తుడవాలి. బ్యాటరీ తీసివేయాలి. ఎండ కాసిన మధ్యాహ్నం, మూత బిగువుగా పట్టే డబ్బాలో పెట్టాలి. పక్కన సిలికా జెల్ పొట్లం ఉంచాలి. ఆ గుళికలు చెమ్మను పీలుస్తాయి. నారింజరంగు గుళికలు పచ్చబడితే ఇక పీల్చలేవని గుర్తు. పెద్దవాళ్ళు వాటిని 120 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచితే మళ్ళీ పనికివస్తాయి. నీలంరంగువి కొనకండి, వాటిలోని కోబాల్టు లవణం విషం. సిలికా జెల్ దొరకకపోతే బియ్యం బాగా వేయించి, చల్లార్చి, గుడ్డలో మూటకట్టి పెట్టండి. వారం వారం మార్చండి. డబ్బాలో చెమ్మ 40, 50 పాళ్ళ మధ్య ఉంటే చాలు.

మన్యంలో విత్తనపు మొక్కజొన్న కంకులను పొయ్యి పైన వేలాడగడతారు. అక్కడా కీలకం ఆరబెట్టడమే. కాని కెమెరాను మాత్రం పొయ్యి దగ్గర పెట్టకండి. మసీ వేడీ దానికి పడవు.

అన్నిటికన్న మంచి మందు, వారానికొకసారి కెమెరాను బయటికి తీసి వాడటం. అప్పుడే కటకాన్ని కిటికీ వెలుగులో ఏటవాలుగా చూడండి. సూర్యుడి వైపు మాత్రం ఎన్నడూ పెట్టి చూడకండి, కళ్ళు పోతాయి. పోగులు కనిపిస్తే దాన్ని వేరుగా ఉంచి, బాగుచేసేవారికి చూపించాలి. మీరు విప్పకూడదు.

కెమెరా పాడైతే డబ్బు పెట్టి ఇంకొకటి కొనవచ్చు. కాని ఆ బీరువాలోనే తాతగారి పెళ్ళి ఫోటో, దాని నెగెటివూ ఉన్నాయేమో! వాటి మీది పూతలో జెలటిన్ ఉంటుంది. అది జంతువుల ఎముకల నుంచి, తోళ్ళ నుంచి తీసినది, బూజుకు విందుభోజనం. ఆ పెళ్ళిని మళ్ళీ ఎవరూ ఫోటో తీయలేరు గదా! కనుక ఈ ఆదివారం చెంచాడు కల్లుప్పు ఒక పళ్ళెంలో పోసి, ఒక రాత్రి బీరువాలో ఉంచి చూడండి. తెల్లవారి అది చెమర్చి ఉంటే నాన్నగారిని పిలిచి చూపించండి.