అరగంట బొమ్మకు అరవై ఏళ్లు

దసరా సాయంత్రం ఖిలా వరంగల్‌కు దగ్గర్లోని ఉర్సు రంగలీల మైదానానికి చేరే జనంలో, రావణుడు కాలతాడో లేదో చూసిపోదామని వచ్చేవారు ఒక్కరూ ఉండరు. కాలతాడని చంకలోని పిల్లకు కూడా తెలుసు. అయినా వస్తారు. నిరుడు చూసిందే ఈ ఏడు కూడా చూడాలి, పక్కన నిరుడు ఉన్నవాళ్లే ఉండాలి. పండుగ అంటే సగం అదే.

టీవీ కూడా అలాంటి పండుగ చేయగలదని అమెరికాలో ఓ చిన్న బొమ్మల కార్యక్రమం నిరూపించింది. పేరు ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’. 1965 డిసెంబరు 9, గురువారం సాయంత్రం సీబీఎస్ చానెల్‌లో తొలిసారి వచ్చింది. నిడివి అరగంటకు కాస్త తక్కువే. అప్పటినుంచి తరాలు మారాయి, చానెళ్లు మారాయి, టీవీ పెట్టె గోడకు అతుక్కుంది. బొమ్మ మాత్రం పెద్దగా మారలేదు. తొలి ప్రసారం చూసిన పిల్లలు ఇప్పుడు మనవలతో కూర్చుని అదే చూస్తున్నారు.

దీన్ని తీసినవాళ్లకు మాత్రం ఇంత ఆయుష్షు ఉంటుందన్న ఆశ లేదు. శీతల పానీయాల కంపెనీ కోకాకోలా ఓ క్రిస్మస్ కార్యక్రమం కావాలంది. నిర్మాత లీ మెండల్సన్ సరేనన్నాడు. ‘పీనట్స్’ కార్టూన్లతో అప్పటికే పత్రికల్లో ఇంటింటి పేరైన చార్లెస్ షుల్జ్‌తో కలిసి ఒక్క రోజులో కథ రూపురేఖలు రాసి పంపాడు. బిల్ మెలెండెజ్ దర్శకుడు. చేతిలో ఉన్నది ఆరు నెలలు. తీరా పూర్తయ్యాక చూసుకుని, ‘పీనట్స్’ పిల్లాడు చార్లీ బ్రౌన్‌ను చేతులారా చెడగొట్టామని మెండల్సన్, మెలెండెజ్ ఇద్దరూ దిగులుపడ్డారు. జట్టులోని ఒక చిత్రకారుడు మాత్రం ఇది నూరేళ్లు ఆడుతుందన్నాడని మెండల్సన్ తర్వాత చాలాసార్లు చెప్పుకొచ్చాడు.

చానెల్ పెద్దలకూ నచ్చలేదు. నడక నెమ్మది అన్నారు. క్రిస్మస్ బొమ్మకు జాజ్ సంగీతమేమిటన్నారు. ఆ రోజుల్లో హాస్య కార్యక్రమాల్లో చాలావాటికి వెనక నుంచి జనం నవ్విన చప్పుడు కలిపేవారు. షుల్జ్ ససేమిరా అన్నాడు. పిల్లల పాత్రలకు పెద్దవాళ్లు గొంతు సన్నం చేసి మాట్లాడటం రివాజైతే, ఇక్కడ నిజంగా పిల్లల చేతనే మాట్లాడించారు. చార్లీ చెల్లెలు శాలీ పాత్రకు గొంతిచ్చిన పాపకు ఆరేళ్లు, చదవడం రాదు. పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పడం, ఆ నాలుగూ పలికించడం, తర్వాత మరో నాలుగు. అలా ముక్కలు ముక్కలుగా అతికించిన మాటలు కావడంతో విరుపులు ఉండకూడని చోట విరుపులున్నాయి. ఆ ఎగుడుదిగుడే ఇప్పుడు దాని అందం. కుక్కపిల్ల స్నూపీ అరుపులైతే దర్శకుడు మెలెండెజ్ తానే నోటికొచ్చిన శబ్దాలు చేసి, టేపు వేగం పెంచి వాడేసుకున్నాడు.

కథ ఇంకా విడ్డూరం. పండుగ పూట కథానాయకుడు దిగులుగా ఉంటాడు. అందరూ సంబరపడుతుంటే తనకెందుకు సంతోషంగా లేదో చార్లీ బ్రౌన్‌కు అర్థం కాదు. చెల్లెలు శాంటాక్లాజ్‌కు రాసే ఉత్తరంలో బొమ్మలొద్దు, డబ్బు నోట్లు పంపమంటుంది. కుక్కపిల్ల కూడా బహుమతి సొమ్ము కోసం తన గూటికి దీపాలు కట్టి పోటీకి దిగుతుంది. పిల్లలు వేస్తున్న క్రిస్మస్ నాటకానికి మంచి చెట్టు తెమ్మని పంపితే, తళతళలాడే అల్యూమినియం చెట్ల మధ్య నుంచి ఆకులు రాలిపోతున్న ఓ బక్క మొక్కను చార్లీ పట్టుకొస్తాడు. అందరూ పగలబడి నవ్వుతారు. అప్పుడు దుప్పటి వదలని పిల్లాడు లైనస్ వేదిక మధ్యకు వెళ్లి లూకా సువార్తలోని క్రీస్తు జనన ఘట్టం అప్పజెబుతాడు. భయపడకండని దేవదూత చెప్పే చోట, ఎప్పుడూ వదలని ఆ దుప్పటి వాడి చేతిలోంచి జారి కిందపడుతుంది. ఎవరూ దాని గురించి ఒక్క మాటనరు. గమనించినవాళ్లకు గమనించినంత.

ఆ రాత్రి సుమారు కోటిన్నర ఇళ్లలో దాన్ని చూశారు. ఆ సమయానికి టీవీ పెట్టుకున్న ఇళ్లలో నూటికి 45. మరుసటి ఏడాది ఎమ్మీ, పీబడీ పురస్కారాలు రెండూ దక్కాయి. విన్స్ గరాల్డి కూర్చిన ఆ జాజ్ సంగీతాన్ని 2012లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డుల భాండాగారంలో చేర్చుకుంది. మరో ముచ్చట. పండుగను అంగడిసరుకు చేశారని వాపోయే ఈ కథకు డబ్బు పెట్టింది ఓ కూల్‌డ్రింక్ కంపెనీ. మొదట్లో బొమ్మలోనే కనిపించిన ఆ కంపెనీ పేరును తర్వాతి ప్రసారాల్లో కత్తిరించేశారు. సొమ్ము పెట్టినవాడు వెళ్లిపోయాడు, బక్క చెట్టు మిగిలింది.

ఇన్నేళ్లు నిలవడానికి నాణ్యత ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. దానికి ముందు సంవత్సరం వచ్చిన క్రిస్మస్ బొమ్మ ‘రుడాల్ఫ్’, తర్వాతి సంవత్సరం వచ్చిన ‘గ్రించ్’ కూడా అలాగే నిలిచాయి. ఈ మూడింటికీ ఉమ్మడి బలం ఏడాదికొక్కసారి రావడం. ఇంట్లో వీడియో లేని రోజులవి. ఆ సాయంత్రం తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. పక్కింటి పిల్లలూ, బడిలోని పిల్లలూ అదే ఘడియలో అదే చూస్తున్నారన్న ఎరుక ఒకటి. చార్లీ బ్రౌన్ 2000 దాకా సీబీఎస్‌లో, తర్వాత 2019 దాకా ఏబీసీలో ఏటా వచ్చాడు. 2020లో హక్కులు యాపిల్ టీవీ ప్లస్‌కు వెళ్లి, మామూలు టీవీలో ఇక రాదని తెలిసేసరికి జనం గోల చేశారు. ఆ ఏడాది, అప్పట్లో ప్రభుత్వ సాయం కూడా అందుతున్న పీబీఎస్‌లో చూపక తప్పలేదు. వాళ్లకు లోటనిపించింది బొమ్మ దొరకకపోవడం కాదు. దుకాణంలో డిస్కు దొరుకుతూనే ఉంది. పోయింది అందరూ కలిసి చూసే ఆ సాయంత్రం.

ఇదంతా పరదేశం ముచ్చట, మనకెందుకు అనేవారికి ఓరుగల్లు నేలే జవాబు చెబుతుంది.

2016 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండి ఇప్పుడు సిద్దిపేటలో కలిసిన చేర్యాలలో నకాషీ చిత్రకారులు గీసే పటాలు ఏమిటి? ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించి, ఎర్రటి నేల మీద వరుసగా గదులు గీసి, గదికో సన్నివేశం నింపుతారు. పటం కథకుడు దాన్ని వేలాడదీసి, కొంచెం కొంచెంగా విప్పుతూ పాట కడతాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడ్‌లకు గౌడ పురాణం, రజకులకు మడేలు పురాణం. ఒక్కో కులానికి వాళ్ల కథ చెప్పే బృందం తమ వంతు వచ్చినప్పుడు ఊరికి దిగేది, రాత్రుల తరబడి అదే కథ చెప్పేది. కథ కొత్తది కాదని ఎవరూ లేచి వెళ్లలేదు. బొమ్మ కదలదు, కథకుడి వేలు కదులుతుంది. యానిమేషన్ మనకు దిగుమతి సరుకని అనేవాళ్లు ఓసారి చేర్యాల వెళ్లి రావాలి.

క్రిస్మస్ సంగతికే వస్తే, తెలుగువాళ్ల చార్లీ బ్రౌన్ ‘కరుణామయుడు’. 1978లో వచ్చింది. భీమ్‌సింగ్ దర్శకత్వం, క్రీస్తుగా విజయచందర్. అది బొమ్మల చిత్రం కాదు, అరగంటదీ కాదు. కానీ డిసెంబరులోనో గుడ్‌ఫ్రైడే నాడో ఏదో ఒక చానెల్‌లో తప్పకుండా కనిపిస్తుంది. ఎన్నో భారతీయ భాషల్లోకి వెళ్లి, హిందీలో ‘దయాసాగర్’గా, కరెంటు సరిగా లేని పల్లెల్లో తెర కట్టి ప్రొజెక్టరు మీద ఆడింది. మోదుకూరి జాన్సన్ దానికి రాసిన పాట ఇవాళ్టికీ చర్చి మైకుల్లో వినిపిస్తుంది. కాజీపేట ఫాతిమానగర్ కెథడ్రల్‌లో అర్ధరాత్రి పూజ ముగించుకుని ఇంటికొచ్చిన కుటుంబం మర్నాడు టీవీలో ఆ సినిమా వస్తుంటే, చివరిదాకా తెలిసిన కథే అయినా, చానెల్ మార్చదు. తెలుగు ప్రేక్షకుడికి ఎప్పటికప్పుడు కొత్తది పడేయకపోతే నిలవడన్న మాటకు ఇంతకంటే గట్టి ఖండన అక్కర్లేదు.

బొమ్మల చిత్రాల్లోనూ ఒక ఉదాహరణ ఉంది. జపాన్‌కు చెందిన యుగో సాకో, మన రామ్‌మోహన్ కలిసి పనిచేసిన ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ 1993లో ఢిల్లీ చిత్రోత్సవంలో చూపినా థియేటర్లలో పెద్దగా తిరగలేదు. దాన్ని బతికించింది టీవీ. కార్టూన్ నెట్‌వర్క్‌లో పదేపదే చూసి ఒక తరం పిల్లలు రాముణ్ణి ఆ రూపంలోనే గుర్తుపెట్టుకున్నారు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారు కాబట్టే 2025 జనవరిలో అది తెలుగు సహా నాలుగు భాషల్లో మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఆ విడుదలకు మన విజయేంద్రప్రసాద్ చేయి వేశారు.

అలాగని తెలుగు గడ్డ మీద బొమ్మలు కదిలించే చేతులు లేవా? ‘ఛోటా భీమ్’ పుట్టింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థలో. 2008లో పోగో చానెల్‌లో మొదలై దేశమంతా తిరిగాడు. అదే సంస్థ నెట్‌ఫ్లిక్స్ కోసం ‘మైటీ లిటిల్ భీమ్’ చేసి, దీపావళికి, హోలీకి, గాలిపటాల పండుగకు ప్రత్యేక భాగాలు కూడా ఇచ్చింది. పండుగ బొమ్మ చేయడం మనకు చేతకాదని ఇక ఎవరూ అనలేరు. అయితే అందులో మాటలుండవు. ఏ దేశంలోనైనా అమ్ముడుపోవడానికి అది తెలివైన పద్ధతే. తెలుగు పిల్లకు మాత్రం తన పండుగ తన యాసలో వినే భాగ్యం దక్కలేదు. ఎప్పుడంటే అప్పుడు దొరికే చోట ఉంది కాబట్టి ఫలానా సాయంత్రం అని ఎదురుచూసే పనీ లేదు.

మరి మన చానెళ్లు పండుగ పూట పిల్లలకు ఏమిస్తున్నాయి? సంక్రాంతికి, ఉగాదికి, దసరాకు మూడేసి గంటల స్టార్ల సందడి. కొత్త సినిమా జట్టు వస్తుంది, యాంకర్లు అరుస్తారు, స్కిట్లు, డాన్సులు, నవ్వని చోట కూడా కలిపిన నవ్వులు. అరవై ఏళ్ల కిందట షుల్జ్ వద్దన్న నవ్వులే అవి. వచ్చే ఏడు ఆ కార్యక్రమాన్ని మళ్లీ వేయరు. వేసినా ఎవరూ చూడరు. అందులో దిగులుపడే పిల్లాడికి చోటు లేదు. పండుగ నాడు కొత్త బట్టలు రాని పిల్లలు, నాన్న దుబాయిలో ఉండిపోయిన పిల్లలు, అమ్మమ్మ లేని మొదటి బతుకమ్మ చూసే పిల్లలు ఏ ఊళ్లో లేరు? వాళ్లకు ఊరట ఇచ్చేది ఇంకొంచెం పెద్ద సందడి కాదు. తనలాంటి వాడొకడు తెర మీద కనిపించడం.

చేయదగ్గ పని పెద్ద ఖర్చుతో కూడింది కాదు. బతుకమ్మనే తీసుకుందాం. ఓరుగల్లులో తొలిరోజైన ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర నిలువెత్తు బతుకమ్మలు దిగుతాయి. ఎవరిది ఎత్తు అని పోటీ కూడా సాగుతుంది. ఖిలా వరంగల్ కోటలో ఉండే ఓ పిల్ల, మట్టికోట గట్ల మీద తిరిగినా తంగేడు చాలినంత దొరక్క, నాలుగు గునుగుపూలు, రెండు బంతిపూలతో జానెడు బతుకమ్మ పేర్చుకుంది అనుకుందాం. కీర్తితోరణాల నీడన ఆ ఒరిగిన బతుకమ్మ చుట్టూ చివరికి ఎవరెవరు చేరారన్నది అరగంట కథకు సరిపోతుంది. గొంతులు వరంగల్ బడిపిల్లలవే కావాలి, వాళ్ల యాసతో, వాళ్ల తడబాట్లతో సహా. దృశ్యాలకు చేర్యాల ఎరుపు ఉండనే ఉంది. కోటలో సాయంత్రం పూట సౌండ్ అండ్ లైట్ ప్రదర్శనతో కాకతీయుల కథ వినిపించే పర్యాటక శాఖకు ఇది కొత్త దారీ కాదు.

యూట్యూబ్ చేతిలో ఉన్న పిల్లలు అరగంట బొమ్మ కోసం ఏడాది ఆగుతారా అన్నది న్యాయమైన అనుమానమే. ఫోన్‌లో అన్నీ ఉన్నాయి, నిజం. కానీ పక్క గదిలోని అన్న ఒకటి చూస్తాడు, చెల్లె ఇంకొకటి చూస్తుంది, అమ్మ మూడోది. మర్నాడు ముగ్గురూ కలిసి చెప్పుకునేదేమీ ఉండదు. రంగలీల మైదానంలో మంటలు కూడా ఫోన్‌లో దొరుకుతాయి. మైదానం ఖాళీ కాలేదు కదా. అమెరికాలోనూ 2020లో గోల చేసినవాళ్లు ఫోన్లు లేనివాళ్లు కాదు.

వ్యాపార లెక్క కూడా తప్పేమీ కాదు. ఏటా మళ్లీ కోట్లు పోసి కొత్త వేదిక కట్టే బదులు, ఒకసారి శ్రద్ధగా చేసిన అరగంట పాతికేళ్లు ప్రకటనలు తెస్తుంది. ఓపిక పట్టాలి, అంతే. మొదటి ఏడు రేటింగ్ తక్కువొచ్చిందని పక్కన పడేయకూడదు. రెండో ఏడు తారలతో కొత్త భాగం కలపకూడదు. అదే తేదీ, అదే సమయం, అదే బొమ్మ, కనీసం పదేళ్లు. 1977లో హైదరాబాద్‌లో దూరదర్శన్ ప్రసారాలు మొదలయ్యాక పుట్టిన తెలుగు టీవీకి యాభై ఏళ్లు నిండబోతున్నాయి. 2027లో ఆ ముచ్చట జరుపుకునేటప్పుడు చానెళ్లన్నీ ప్రత్యేక కార్యక్రమాలు ఎలాగూ చేస్తాయి. అందులో ఒక్క అరగంట, ప్రకటనల విరామం లేకుండా, పిల్లల పేరిట రాసివ్వాలి. దూరదర్శన్ ముందుకొస్తే మరీ మంచిది. మార్కెట్ ఒత్తిడి దానికే తక్కువ.