జలుబుకు ‘సి’ మాత్ర.. ఫలమెంత?

బళేపేట (బెంగళూరు): నాలుగు చినుకులు పడితే చాలు, బళేపేటలో తుమ్ములు మొదలు. చీరల దుకాణం గుమాస్తా అయినా, సందుల్లో మూటలు మోసే హమాలీ అయినా మందుల షాపులో అడిగేది పుల్లటి ‘సి’ విటమిన్ మాత్రే. డాక్టరు చీటీతో పనిలేదు. 2020లో కరోనా వచ్చాక ‘ఇమ్యూనిటీ’ పేరుతో ఇది ఇంటి సరుకైపోయింది. ఇంతకీ పని చేస్తుందా?

జలుబు రాకుండా మాత్రం ఆపదు. 11 వేల మందికి పైగా పాల్గొన్న 29 ప్రయోగాలను కాక్రేన్ సంస్థ పరిశీలకులు 2013లో కలిపి చూసి తేల్చిన మాటిది. ముందు నుంచీ రోజూ వేసుకుంటున్న పెద్దల్లో జలుబు కాలం 8 శాతం, పిల్లల్లో 14 శాతం తగ్గింది. వారం జలుబులో పెద్దలకు మిగిలేది అర రోజు! ముక్కు కారడం మొదలయ్యాక వేసుకుంటే నమ్మదగ్గ లాభం కనపడలేదు. మనవాళ్లు చేసేది సరిగ్గా అదే. కరోనా రోగులకు పెద్ద మోతాదులో ఇచ్చి చూసిన అమెరికా ప్రయోగమూ 2021లో ఇలాగే తేలిపోయింది.

ఒక మినహాయింపు ఉంది. మారథాన్ పరుగువాళ్లు, చలిలో కసరత్తు చేసే సైనికుల్లో జలుబు రావడమే సగానికి తగ్గింది. మరి రోజంతా బరువులు మోసే హమాలీ మాటేమిటి? కొద్ది రోజుల కఠిన శ్రమలో వచ్చిన ఫలితాన్ని ఏళ్ల తరబడి చేసే కూలికి అంటగట్టలేం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం రోజుకు మగవారికి 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు చాలు. మామూలు మాత్రలో ఉండేది 500. ఒంటికి పట్టగా మిగిలింది మూత్రంలో పోతుంది. పోతే పోనీ అనుకోవడానికీ లేదు. ఈ మాత్రలు వాడే మగవారిలో కిడ్నీ రాళ్ల ముప్పు సుమారు రెట్టింపు ఉన్నట్టు 2013లో స్వీడన్ అధ్యయనం చెప్పింది.

తోపుడు బండి మీది జామకాయ (ఇక్కడివాళ్ల సీబెకాయి) 100 గ్రాముల్లో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ఉసిరిలో ఇంకాస్త ఎక్కువే. కాకపోతే కిలో జామకాయల డబ్బుతో మాత్రల అట్టే వచ్చేస్తుంది. పళ్లు, ఆకుకూరల మొహం చూడని కూలికి మాత్ర ఆ లోటు పూడుస్తుంది, కాదనలేం. పేచీ అంతా దాన్ని జ్వరం మందు అనుకోవడంతోనే. వానాకాలంలో బెంగళూరుకు డెంగీ కొత్త కాదు. రక్తపరీక్షకు వెళ్లాల్సిన రోజు కాస్తా మాత్ర చప్పరిస్తూ గడిచిపోతోంది.